తెలుగులో అన్న ఆ ఒక్క మాట

కొండాపూర్‌లో ఉండే 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇదీ.

రెండేళ్ల కిందట ఆయనకు అక్క భర్త పోకర్ నేర్పారు. పోయిన నెల బావా బావమరుదులిద్దరూ గోవా వెళ్లి, మాండవి నది మీది ఒక కసీనోలో రెండు రోజుల టోర్నమెంట్ ఆడారు. ఎంట్రీ 30,000 రూపాయలు. మన పాఠకుడి ఎంట్రీలో సగం బావే పెట్టారు. వచ్చినదాంట్లో చెరి సగం అని మాట. బావ తన ఎంట్రీ తాను వేరుగా కట్టుకున్నారు. మన పాఠకుడు తన భార్యకు మాత్రం ‘ఆఫీసు టీమ్ అవుటింగ్’ అని చెప్పి వెళ్లారు.

రెండో రోజు ఇద్దరూ ఒకే టేబుల్‌కి వచ్చారు. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతుల వారీగా తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలు, 500-1,000 ఉన్నప్పుడు ఎవరో 2,500 పందెం కాస్తే, బావ నోరు విప్పకుండా ఒకే ఒక్క 5,000 చిప్ ముందుకు వేశారు. అది రైజ్ (పందెం పెంచడం) అనుకుని అవతలి ఆటగాడు విసుగ్గా ముక్కలు పడేయబోతుంటే డీలర్ ఆపి ‘కాల్ మాత్రమే’ అన్నాడు, అంటే ఎదుటి పందెంతో సమానంగా పెట్టినట్టే. గంటలోపు బావ మళ్లీ అదే పని చేశారు. బ్రేక్‌లో అడిగితే, ‘ఎదుటివాడి మొహం చదవడానికి అదొక ట్రిక్కు’ అన్నారు.

అసలు సంగతి రాత్రి జరిగింది. ఇంకొక్కరు ఔటైతే మిగిలిన అందరికీ డబ్బులు. బ్లైండ్స్ 1,000-2,000. పొద్దుటి నుంచీ అందరితో హిందీలోనే మాట్లాడుతున్న ఒక పెద్దాయన, తన దగ్గర మిగిలిన 6,000 చిప్స్ మొత్తం పెట్టి ఆల్-ఇన్ అయ్యారు. మన పాఠకుడు ఆసు, పదితో కాల్ చేశారు. బిగ్ బ్లైండ్‌లో, అంటే పెద్ద బ్లైండ్ పెట్టే వంతులో ఉన్న బావ కూడా కాల్ చేసి, మెల్లగా తెలుగులో అన్నారు: ‘ఇద్దరం చెక్ చేసుకుంటూ పోదాం. ఈయన పోతే డబ్బులొచ్చేసినట్టే.’ చెక్ అంటే పందెం వేయకుండా వంతు దాటేయడం. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పది, ఏడు, రెండు తెరిచారు. ‘మామూలుగా అయితే అక్కడ పందెం వేసేవాణ్ని. బావ మాట విని చెక్ అన్నాను’ అని రాశారు. తర్వాత నాలుగు వచ్చింది. చివరి ముక్క ఏడు. పెద్దాయన చేతిలో రెండు జాకీలు. బావ చేతిలో ఏడు, ఆరు. మూడు ఏడులతో ఆట బావది. హాలంతా చప్పట్లు కొట్టింది. పెద్దాయన లేచి, వెళ్తూ వెళ్తూ మన పాఠకుడి భుజం మీద చెయ్యి వేసి తెలుగులో అన్నారట: ‘మంచిగ ఆడిన్రు బిడ్డా, ఇద్దరు.’

మన పాఠకుడికి 60,000 వచ్చింది. పన్ను 18,000 పోగా 42,000. సగం బావకు, సగం తనకు. తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో లగేజీ బెల్టు దగ్గర ఆ పెద్దాయన కనిపిస్తే, స్తంభం చాటుకు వెళ్లి నిలబడ్డారు. హైదరాబాద్ ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరు ఉంది. బావేమో ‘అందరూ చేసేదే’ అంటున్నారు, వచ్చే నెలకు మళ్లీ టికెట్లు తీశారు. పైగా నిజాంపేటలో ఫ్లాట్ తీసుకుని వారం వారం చిన్న టోర్నమెంట్లు పెడదామంటున్నారు. ‘నేను చేసింది తప్పా, తెలివా? ఆ 21,000 ఏం చేయాలి? అక్క సంసారం మధ్యలో ఉండగా బావతో ఏమని మాట్లాడాలి?’ ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ శంషాబాద్ స్తంభం దగ్గరే ఆగిపోయాను. తప్పా కాదా అని నన్ను అడుగుతున్నారు గానీ, ఆ స్తంభం చాటుకు వెళ్లినప్పుడే మీకు జవాబు తెలుసు. తెలియనిది ఎంత తప్పు, అందులో మీ వాటా ఎంత, ఇప్పుడు చేయగలిగిందేమిటి అన్నవే. మీరు మూడు వేర్వేరు సంగతులను ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. ముందు ఆ మూట విప్పుదాం.

మొదటిది 5,000 చిప్. ఎదుట పందెం ఉన్నప్పుడు ఏమీ అనకుండా ఒక్కటే పెద్ద చిప్ వేస్తే, దాని విలువ ఎంతైనా అది కాల్ కిందే లెక్క. రైజ్ చేయాలంటే చిప్ వేసేలోపే నోటితో చెప్పాలి. ఒకటికి మించి చిప్స్ వేస్తే లెక్క వేరు. ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ఎవరో 2,000 కాశారనుకోండి. కనీస రైజ్ 4,000 అవుతుంది. మీరు మాట్లాడకుండా మూడు వెయ్యి చిప్స్ వేస్తే, పెంచాల్సిన దాంట్లో సగం పెట్టినట్టే కాబట్టి మిగతా వెయ్యి కూడా పెట్టించి రైజ్ పూర్తి చేయిస్తారు. ఒకసారి కొన్ని చిప్స్ పెట్టి, ఎదుటివాళ్ల మొహం చూసి, మళ్లీ ఇంకొన్ని పెట్టడం కుదరదు. దాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. 2001లో ఏర్పడిన టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం, అంటే టీడీఏ, ఇలాంటివన్నీ రాసిపెట్టింది. చాలా చోట్ల వాటినే కొద్ది మార్పులతో పాటిస్తారు. ఈ రూల్స్ అన్నిటి వెనకా ఉన్న ఉద్దేశం ఒకటే: మీరు ఏం చేస్తున్నారో ఎదుటివాళ్లకు స్పష్టంగా, ఒక్కసారిగా తెలియాలి.

బావ చేసింది ఆ రూల్‌ను మీరడం కాదు. రూల్‌నే వలగా వాడుకోవడం. కాల్ అవుతుందని తెలిసే రైజ్‌లా కనిపించేలా చిప్ వేసి, అవతలివాడి మొహం చూశారు. డీలర్ ఒక్క క్షణం ఆలస్యం చేసి ఉంటే ఆ మనిషి ముక్కలు డీలర్ పక్కన పడిపోయేవి. తిరిగి రావడం కష్టం. దీన్ని ఆటగాళ్లు యాంగిల్ అంటారు. మొదటిసారి చేసినవాణ్ని ఎవరూ తప్పుపట్టరు, కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే. రెండోసారి అదే మనిషి చేస్తే ఫ్లోర్ మేనేజర్ (ఆటలో తగువులు తీర్చే అధికారి) పిలిచి హెచ్చరించవచ్చు, ఆట నుంచి కాసేపు పక్కన కూర్చోబెట్టవచ్చు. టీడీఏ మొదటి నియమమే అది: న్యాయంగా ఆట సాగడం ముఖ్యం, దాని కోసం అక్షరాలా ఉన్న రూల్‌ను కూడా పక్కన పెట్టవచ్చు. ఇక్కడ మీ వాటా చిన్నది. ట్రిక్కు అని మీకు తెలిసింది బ్రేక్‌లోనే కదా. ఆ రెండు హ్యాండ్స్ (ముక్కలు పంచిన ఒక్కో ఆట) గురించి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు.

రెండోది ఆ రాత్రి హ్యాండ్. ఇక్కడ బావ మాటలో సగం నిజం ఉంది, అందుకే మీకు తికమక. ఒకరు ఆల్-ఇన్ అయి, మిగిలిన ఇద్దరికీ ఇంకా చిప్స్ ఉంటే, ఆ ఇద్దరూ పందెం వేయకుండా చివరిదాకా చెక్ చేసుకుంటూ పోవడం పోకర్‌లో రోజూ జరిగేదే. ఐదు ముక్కలూ ఇద్దరూ చూస్తే, ఆల్-ఇన్ అయినవాణ్ని ఎవరో ఒకరు కొట్టే అవకాశం పెరుగుతుంది. ఎవరి లాభం వాళ్లు చూసుకుని, నోరు విప్పకుండా అలా ఆడితే ఎవరూ ఏమీ అనరు. మీరిద్దరూ సరిగ్గా అవే చెక్‌లు మౌనంగా చేసి ఉంటే, ఈ ఉత్తరం రాసేవారే కాదు.

మాట అనుకోవడంతో అది మారిపోయింది. ఒక చేతిని ఒక్కరే ఆడాలన్నది ఈ ఆటకు పునాది. హ్యాండ్ నడుస్తుండగా ‘ఇలా ఆడదాం’ అని ఇద్దరు చెప్పుకుంటే అది కుమ్మక్కు. ఏ భాషలో చెప్పుకున్నా కుమ్మక్కే. తెలుగులో చెప్పుకోవడం ఇంకాస్త బరువు, ఎందుకంటే అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడాలన్న రూల్ సరిగ్గా ఇందుకే పెట్టారు. డీలర్‌కు తెలుగు వచ్చి ఉంటే అక్కడే ఫ్లోర్‌ను పిలిచేవాడు. హెచ్చరిక నుంచి టోర్నమెంట్‌లోంచి తీసేయడం దాకా ఏదైనా జరిగేది.

మూడోది వాటా. దాన్ని మీరు ఉత్తరం మొదట్లో రాసి, తర్వాత దాని జోలికి వెళ్లలేదు. మీ గెలుపులో బావకు సగం వాటా ఉంది. స్నేహితులు వాటాలు పంచుకోవడం టోర్నమెంట్లలో మామూలే, అదొక్కటే తప్పు కాదు. కానీ వాటా ఉన్న ఇద్దరు ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే పరిస్థితి వేరు. ఆ హ్యాండ్‌లో మీ పదుల జతతో మీరు పందెం వేసి బావను బయటికి పంపాల్సింది. వేయకపోతే నష్టం మీది. అయినా మీకు నొప్పి తెలియలేదు, ఎందుకంటే బావ గెలిచినా మీ జట్టే గెలిచినట్టు. టేబుల్ దగ్గర మిగిలినవాళ్లందరూ ఒక్కొక్కరితో ఆడుతున్నామనుకుంటున్నారు. వాళ్లకు తెలియకుండా అక్కడ ఇద్దరు కలిసి ఒక్కరిలా ఆడారు.

మా ఇంట్లో శివరాత్రి జాగారానికి రమ్మీ ఆడేవాళ్లం. మా అమ్మమ్మ చదువుకోలేదు గానీ, భార్యాభర్తలను ఎప్పుడూ పక్కపక్కన కూర్చోనిచ్చేది కాదు. మొగుడు పడేసిన ముక్క పక్కనున్న పెళ్లాం ఎత్తుకుంటుందని. ‘కావాలని చేయకపోయినా చెయ్యి దానంతటదే పోతుందే’ అనేది. మీ విషయంలోనూ బావ మీద ప్రేమా, సగం డబ్బు రుణమూ కలిసి మీ చేతిని పట్టుకున్నాయి. మీరు చెడ్డవారు అవడం వల్ల జరిగింది కాదిది. కూర్చోకూడని చోట, చేసుకోకూడని ఒప్పందంతో కూర్చోవడం వల్ల జరిగింది.

నష్టం ఎంత అని మీ మనసు తొలుస్తోంది కాబట్టి, దాచకుండా చెప్తాను. విమానంలో బావ అన్నారని రాశారు: ‘నువ్వు పందెం వేసి ఉంటే నా ఏడులు పడేసేవాణ్ని.’ అప్పుడు చివర్లో వచ్చిన ఏడు ఎవరికీ పనికొచ్చేది కాదు. మీ పదుల కన్నా ఆయన జాకీలే పెద్దవి. కుండలోని (పందేలన్నీ చేరే చోటు) 19,000, అంటే ముగ్గురి ఆరు వేలూ చిన్న బ్లైండ్ వెయ్యీ, పెద్దాయనకు వెళ్లేవి. అంటే ఆ బ్లైండ్స్‌లో తొమ్మిది బిగ్ బ్లైండ్స్ పైన, ఇంకాసేపు ఊపిరి పీల్చుకునేంత. ఆ తర్వాత ఆయన డబ్బుల్లోకి వచ్చేవారా, పది నిమిషాల్లో పోయేవారా అన్నది ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆయన నుంచి 60,000 లాక్కున్నారని అనుకోవద్దు. ఆయనకు దక్కాల్సిన ఒక అవకాశాన్ని తీసేశారు, అంతవరకు నిజం.

ఇప్పుడు ఏం చేయవచ్చు?

ఏమీ చేయకుండా, ఇకమీదట అలా ఆడకుండా ఉండటం ఒక దారి. ఇన్నాళ్లకు ఎవరూ మీ దగ్గరకు రాకపోవచ్చు. అక్క ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో ఈ ఆట ఆడేవాళ్ల లోకం చిన్నది. ఏదో ఒక టేబుల్ దగ్గర ఆయన మళ్లీ మీ ఎదుట కూర్చుంటారు. అక్కడ స్తంభం ఉండదు.

నిర్వాహకులకు రాసి చెప్పడం ఇంకో దారి. ఇది నిజాయితీగల పనే, కానీ అన్నిటికన్నా బరువైంది. మీ ఇద్దరినీ ఇకపై రానివ్వకపోవచ్చు, డబ్బు వెనక్కి అడగవచ్చు. బావ పేరు మీ చేతి మీదుగా బయటికి వెళ్తుంది. ఆ సంగతి మీ అక్కకు వేరే నోటి నుంచి తెలుస్తుంది. ఇది చేయాలనుకుంటే బావకు ముందుగా చెప్పి చేయండి, వెనక నుంచి వద్దు. నేనైతే మిమ్మల్ని ఈ దారికి తొయ్యను. బావ మీరు చెప్పాక కూడా అదే ఆట కొనసాగిస్తే అప్పుడు మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత మోసపోయేవాళ్ల విషయంలో మీరు తెలిసీ ఊరుకున్నవారవుతారు.

ఏ దారి పట్టినా బావతో మాట్లాడకుండా కుదరదు. అక్క ఇంట్లో, భోజనాల దగ్గర వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, టికెట్ల తేదీకి ముందే మాట్లాడండి. ‘నువ్వు మోసగాడివి’ అని మొదలుపెడితే అల్లుడి మర్యాద, బావ పెద్దరికం అన్నీ లేచి నిలబడతాయి, అసలు సంగతి మునిగిపోతుంది. మీ గురించి చెప్పండి: ‘బావా, ఆ రోజు నేను చెక్ అన్నది నా ఆట చూసుకుని కాదు. అప్పటి నుంచి నాకు మనసు బాలేదు. ఇక నీ డబ్బుతో ఆడను, ఒకే టోర్నమెంట్‌లో వాటాలు పెట్టుకోను.’ ఆయన నవ్వి కొట్టిపారేయవచ్చు. కొన్నాళ్లు మొహం ముడుచుకోవచ్చు. అది మీరు భరించగలిగిందే. వచ్చే నెల వెళ్లాలంటే మూడు మార్గాలున్నాయి: వాటా లేకుండా మీ డబ్బుతో మీరు ఆడండి, లేదా ఒకరే ఆడి ఇంకొకరు చూడండి, లేదా ఈసారికి మానేయండి. మీ డబ్బుతో అంత ఎంట్రీ కట్టే స్తోమత లేదంటే, అంత పెద్ద ఆట మీకు ఇప్పుడే వద్దని అర్థం. ఇది మిమ్మల్ని తక్కువ చేసి అంటున్న మాట కాదు. 15,000 పెట్టి 21,000 తెచ్చుకున్నారు. రెండు రోజుల టెన్షన్‌కు మిగిలింది 6,000.

నిజాంపేట ఫ్లాట్ ఆలోచనకు మాత్రం వెంటనే, గట్టిగా వద్దని చెప్పండి. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1960ల్లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో చెప్పిన మాటను అందరూ పట్టుకుంటారు. ఆ తీర్పు పోకర్ గురించి కాదు. పైగా ఆట నడిపేవాడు దాని మీద లాభం చేసుకుంటే నేరం అవ్వొచ్చని అదే తీర్పులో ఉంది. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని ఇంకా బిగించింది, నైపుణ్యం అన్న మాట ఇక్కడ మునుపటిలా కాపాడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రమే నిషేధించింది. గోవాలో లైసెన్సుతో జరిగేదీ, మన అపార్ట్‌మెంట్‌లో తలుపేసుకుని ఆడేదీ ఒకటి కాదు. పోలీసులు వస్తే పేర్లు ఇద్దరివీ రాసుకుంటారు, ఉద్యోగం మీది.

మీ భార్యతో ‘టీమ్ అవుటింగ్’ అన్న అబద్ధాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నాకు మాత్రం అది చిన్నదిగా అనిపించలేదు. ఈ నెల రోజులుగా ఈ బాధ చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి ఉండి కూడా, ముక్కూ మొహం తెలియని నాకు నాలుగు పేజీలు రాయాల్సి వచ్చింది. గోవా విషయం, డబ్బు విషయం ఆమెకు చెప్పండి. కోపం వస్తుంది, రావాలి కూడా. పన్ను మీ పేరు మీద కట్ అయింది కాబట్టి ఈ ఏడాది రిటర్న్ వేసేటప్పుడు ఆ 60,000 ఎలాగూ కాగితం మీద కనిపిస్తుంది. అప్పుడు తెలియడం కన్నా ఇప్పుడు మీ నోటితో తెలియడం మేలు.

ఇక పెద్దాయన. నంబరు ఉంది కాబట్టి చప్పుడు చేయకుండా 21,000 యూపీఐ చేసేద్దామా అని రాశారు. అది వద్దు. మాట లేకుండా వచ్చిన డబ్బు ఆయనను ఇంకోసారి అవమానిస్తుంది. ముందు మాట, తర్వాత డబ్బు. ముందు బావతో మాట్లాడి, ఫోన్ చేస్తున్నానని చెప్పి చేయండి. ‘నేను’ అనే మాట్లాడండి, బావ చేసిందాని లెక్క చెప్పాల్సిన పని మీది కాదు. అయితే ఆయన ఆ మాట విన్నారని గుర్తుంచుకుని, ఎదురు అడిగితే అబద్ధం చెప్పొద్దు. డబ్బు ఇస్తానని ఒక్కసారి అడగండి. తీసుకోనంటే బతిమాలొద్దు. ఆయన తిట్టవచ్చు, గ్రూపులో పెట్టవచ్చు, నవ్వి వదిలేయవచ్చు. ఈ మూడింటికీ సిద్ధపడి, అప్పుడే నంబరు నొక్కండి. సిద్ధంగా లేకపోతే ఇంకో వారం ఆగినా నష్టం లేదు. ఫోన్ పెట్టేస్తే మళ్లీ చేయకండి, ఒక మెసేజ్ రాసి వదిలేయండి.

పెద్దగా వివరణలు అక్కర్లేదు. ‘సార్, ఆ రాత్రి మీ పక్కన కూర్చున్నవాణ్ని. ఆ హ్యాండ్‌లో నేను తొండి ఆడాను. మీకు క్షమాపణ చెప్పుకుందామని చేశాను’ అంటే చాలు. ఆయన పొద్దంతా హిందీ మాట్లాడారని మీరు హిందీలో మొదలుపెట్టకండి. తెలుగులోనే మాట్లాడండి.